యూరప్‌లో హాబీ డ్రోన్ ఎగరేయాలంటే: రిజిస్ట్రేషన్ నుంచి లేబుల్ దాకా వరసగా

"నా డ్రోన్ 249 గ్రాములే. యూరప్‌లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా?" టికెట్లు బుక్ చేసుకున్నాక చాలామంది అడిగేది ఇదే. దానికి కెమెరా ఉంటే రిజిస్ట్రేషన్ కావాలి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి మినహాయింపు దక్కాలంటే కెమెరా అసలు ఉండకూడదు, లేదా అది యూరప్ నిబంధనల ప్రకారం బొమ్మ కోవలోకి రావాలి. డీజేఐ కంపెనీ మినీ డ్రోన్ల లాంటివి బొమ్మలు కావు.

ఇక్కడ రిజిస్టర్ అయ్యేది డ్రోన్ కాదు, మీరు. మీకు ఆపరేటర్‌గా, అంటే డ్రోన్‌కి బాధ్యులుగా, ఒక నంబర్ వస్తుంది. మీ దగ్గర మూడు డ్రోన్లు ఉంటే మూడింటి మీదా అదే నంబర్ అంటించాలి. ఈ ఒక్క విషయం తెలియకే సీరియల్ నంబర్ ఎక్కడ నింపాలా అని పోర్టల్‌లో వెతుకుతూ కూర్చుంటారు.

కనీసం నెల రోజుల ముందు మొదలుపెట్టండి. కొన్ని దేశాల్లో నంబర్ అప్పటికప్పుడే వచ్చేస్తుంది. కొన్నిచోట్ల మీ పాస్‌పోర్ట్‌ను మనిషి కూర్చుని చూశాకే ఇస్తారు.

1. ముందు డ్రోన్‌ని తూయండి

బ్యాటరీ, రెక్కలు, మెమరీ కార్డు అన్నీ పెట్టి, ఎగరడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. పెట్టె మీద రాసిన బరువును నమ్ముకోవద్దు. ప్రొపెల్లర్ గార్డులు, కాళ్ల ఎత్తు పెంచే స్టాండ్లు, రంగుల స్కిన్ స్టిక్కర్లు, పెద్ద బ్యాటరీ, వీటిలో ఏది తగిలించినా 249 గ్రాముల డ్రోన్ 250 దాటుతుంది. దాటిందా, దానికి వర్తించే రూల్స్ వేరు.

తర్వాత డ్రోన్ ఒంటి మీద సీ0, సీ1, సీ2 లాంటి తరగతి గుర్తు ఉందేమో చూడండి. యూరప్ మార్కెట్ కోసం తయారైన వాటి మీద ఇది ఉంటుంది. అదే మోడల్‌ని ఇండియాలోనో అమెరికాలోనో కొంటే ఈ గుర్తు ఉండకపోవచ్చు. "యూట్యూబ్‌లో ఈ మోడల్ సీ1 అన్నారు" అంటే చెల్లదు, గుర్తు మీ డ్రోన్ మీద ఉండాలి.

హాబీ ఫ్లయింగ్ అంతా ఓపెన్ కేటగిరీ అనే తరగతిలోకి వస్తుంది. అందులో మనుషులకు ఎంత దగ్గరగా ఎగరేయొచ్చో చెప్పే ఏ1, ఏ2, ఏ3 అనే మూడు భాగాలున్నాయి. మీ చోటు ఏదో ఇలా తేల్చుకోవచ్చు:

- సీ0, 250 గ్రాముల లోపు: ఏ1. అనుకోకుండా మనుషుల మీదుగా వెళ్లినా ఫర్వాలేదు, జనం గుంపు మీద మాత్రం ఎప్పుడూ వద్దు.
- సీ1, 900 గ్రాముల లోపు: ఇదీ ఏ1. కానీ సంబంధం లేని మనుషుల మీదుగా పోకుండా ప్లాన్ చేసుకోవాలి.
- సీ2, 4 కిలోల లోపు: ఏ2. మనుషులకు, నేల మీద కొలిస్తే, 30 మీటర్ల దూరం. తక్కువ వేగం మోడ్ వేస్తే 5 మీటర్ల దాకా రావచ్చు. దీనికి అదనపు పరీక్ష ఉంటుంది.
- సీ గుర్తు లేదు, 2024 జనవరి 1కి ముందు మార్కెట్లోకి వచ్చింది, 250 గ్రాముల లోపు: ఏ1.
- పైదే, 250 గ్రాములు లేదా ఎక్కువ: ఏ3. ఇళ్లు, దుకాణాలు, పరిశ్రమలు, వినోద స్థలాల నుంచి 150 మీటర్లు దూరంగా, మనుషులు లేని చోట మాత్రమే.

చివరి వరసలో పడితే నిజాయితీగా ఒక మాట. టూరిస్టుగా వెళ్లేవాళ్లకు ఏ3 వల్ల ఒరిగేది తక్కువ. ఊరి బయట పొలాలు దొరికితే తప్ప ఆ డ్రోన్ బ్యాగులోనే ఉంటుంది. అలాంటప్పుడు మోసుకెళ్లకపోవడమే మేలు. ఇక సీ గుర్తు లేకుండా 2024 తర్వాత వచ్చిన మోడల్ అయితే, వెళ్లే దేశపు విమానయాన సంస్థకు మెయిల్ పెట్టి రాతపూర్వక జవాబు వచ్చాకే తీసుకెళ్లండి.

2. ఏ దేశంలో రిజిస్టర్ కావాలి

యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలు, వాటితోపాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టెయిన్, స్విట్జర్లాండ్ ఒకే డ్రోన్ రూల్స్ పాటిస్తాయి. ఒక దేశంలో వచ్చిన నంబర్ మిగతా అన్నిచోట్లా చెల్లుతుంది.

- మీరు యూరప్‌లో ఉంటున్నారా? ఎక్కడ నివాసమో అక్కడే రిజిస్టర్ కావాలి. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసేవాళ్లు ఉచితమని ఫ్రాన్స్ పోర్టల్‌లో చేరడం కుదరదు.
- ఇండియా నుంచో అమెరికా నుంచో వస్తున్నారా? మొదట డ్రోన్ ఎగరేయబోయే దేశంలో. విమానం దిగే దేశం కాదు, మొదటిసారి ఎగరేసే దేశం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి రైల్లో నేరుగా స్విట్జర్లాండ్ వెళ్లి అక్కడ మొదలుపెడితే స్విట్జర్లాండే.

ఒకేసారి రెండు దేశాల్లో రిజిస్టర్ కాకూడదు. ఇది సలహా కాదు, రూల్.

పోర్టల్ వెతికేటప్పుడు జాగ్రత్త. గూగుల్‌లో మధ్యవర్తుల సైట్లు కూడా కనిపించొచ్చు, అవి ఎక్కువ వసూలు చేస్తాయి. ఈఏఎస్ఏ అనే యూరోపియన్ విమానయాన భద్రతా సంస్థ సైట్‌లో ప్రతి దేశపు అధికార సంస్థకూ లింక్ ఉంటుంది. అక్కడి నుంచే లోపలికి వెళ్లండి. జర్మనీకి లుఫ్ట్‌ఫార్ట్ బుండెసామ్ట్, ఫ్రాన్స్‌కి ఆల్ఫాటాంగో పోర్టల్, ఇటలీకి డీ-ఫ్లయిట్, స్పెయిన్‌కి ఏఈఎస్ఏ, నెదర్లాండ్స్‌కి ఆర్‌డీడబ్ల్యూ, ఆస్ట్రియాకి ఆస్ట్రో కంట్రోల్. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో ఫీజు లేదు. జర్మనీలో, మరికొన్ని దేశాల్లో ఉంది.

మన దగ్గర విమానయాన సంస్థ డీజీసీఏ ఇచ్చే యూఐఎన్ (డ్రోన్ గుర్తింపు నంబర్) యూరప్‌లో పనికిరాదు. దాన్ని చూపించి ఒప్పించే ప్రయత్నం వద్దు.

3. ఫారం తెరిచే ముందు చేతిలో ఉండాల్సినవి

- పాస్‌పోర్ట్ స్కాన్. యూరప్‌లో నివాసం ఉంటే ఆ కార్డు కూడా.
- పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పూర్తి పేరు, పుట్టిన తేదీ.
- ఇప్పటి ఇంటి చిరునామా, మెయిల్, దేశం కోడ్‌తో ఫోన్ నంబర్.
- అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసిన కార్డు.
- బీమా తప్పనిసరి అయిన దేశమైతే పాలసీ నంబర్.

పేరు దగ్గరే మనవాళ్లకు చిక్కు. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఉందో పోర్టల్‌లోనూ అక్కడే రాయండి. రోజూ వాడే పొట్టి పేరు రాస్తే డాక్యుమెంట్ సరిపోలలేదని వెనక్కి పంపుతారు.

ఇక బీమా. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, కానీ పాలసీ నంబర్ ఫారంలోనే అడిగే దేశాలున్నాయి. కాబట్టి ముందు బీమా, తర్వాత రిజిస్ట్రేషన్. జర్మనీ, ఇటలీలలో డ్రోన్ ఎంత చిన్నదైనా మూడో వ్యక్తికి జరిగే నష్టానికి బీమా తప్పనిసరి. స్విట్జర్లాండ్‌లో 250 గ్రాములు దాటిన వాటికి కనీసం 10 లక్షల స్విస్ ఫ్రాంకుల కవర్ కావాలి.

జర్మనీలో ఉండేవాళ్లకు ఇంటి లయబిలిటీ పాలసీ ఇప్పటికే ఉండొచ్చు. అందులో డ్రోన్ ఉందా, ఎంత బరువు వరకు, ఏయే దేశాల్లో చెల్లుతుంది అని కంపెనీని అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఇండియాలో తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యపడొద్దు. డ్రోన్ వల్ల ఇతరులకు జరిగే నష్టం ఆ పాలసీలో రాసి ఉంటేనే లెక్క.

4. పరీక్ష ఎవరికి, ఎవరికి కాదు

సీ0 డ్రోన్‌కీ, గుర్తు లేకపోయినా 250 గ్రాముల లోపు పాత డ్రోన్‌కీ పరీక్ష లేదు. యూజర్ మాన్యువల్ చదివితే చాలు. నిజంగానే చదవండి.

250 గ్రాములు, అంతకు మించితే ఏ1/ఏ3 ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి పరీక్ష రాయాలి. 40 ప్రశ్నలు, పాస్ కావడానికి 75 శాతం, అంటే 30 సరైన జవాబులు. వచ్చిన సర్టిఫికెట్ 5 ఏళ్లు, అన్ని సభ్య దేశాల్లో చెల్లుతుంది. ప్రశ్నలు కష్టమేం కాదు గానీ, ఎత్తు, దూరం, ప్రైవసీ దగ్గర కొద్ది తేడాతో తిప్పి అడుగుతారు.

ఆపరేటర్ వేరు, పైలట్ వేరు అని గుర్తుంచుకోండి. భర్త పేరున రిజిస్ట్రేషన్ ఉండి భార్య ఎగరేయొచ్చు. డ్రోన్ మీద ఆయన నంబరే ఉంటుంది, కానీ 250 గ్రాములు దాటితే పరీక్ష సర్టిఫికెట్ ఆవిడకూ ఉండాలి. పైలట్ కనీస వయసు సాధారణంగా 16. కొన్ని దేశాలు తగ్గించాయి.

5. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్

వరస దాదాపు అన్ని దేశాల్లో ఒకటే:

1) ఖాతా తెరిచి మెయిల్ ధ్రువీకరించుకోండి.
2) "ఆపరేటర్‌గా నమోదు" అన్నదే ఎంచుకోండి. పైలట్ నమోదు వేరేగా ఉంటుంది.
3) వ్యక్తిగా ఎంచుకోండి, సంస్థగా కాదు. సంస్థ ఎంచుకుంటే కంపెనీ పత్రాలు అడుగుతూ పోతుంది.
4) కేటగిరీ అడిగితే ఓపెన్.
5) బీమా వివరాలు, డాక్యుమెంట్లు, ఫీజు.
6) వచ్చిన ధ్రువపత్రాన్ని పీడీఎఫ్‌గా ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కొండల్లో నెట్ ఉండదు.

పేజీ స్థానిక భాషలోనే ఉంటే బ్రౌజర్ అనువాదంతో నెట్టుకురావచ్చు. ఒక్కోసారి అనువాదం ఆన్‌లో ఉంటే తేదీ గడి పనిచేయదు. అప్పుడు అనువాదం తీసేసి ఆ ఒక్క గడి నింపండి. వారం దాటినా నంబర్ రాకపోతే ముందు స్పామ్ ఫోల్డర్ చూసి, తర్వాత సంస్థకు మెయిల్ పెట్టండి. ఇంకోసారి కొత్తగా దరఖాస్తు చేయొద్దు, రెండూ ఆగిపోవచ్చు.

గడువు కూడా దేశాన్ని బట్టి మారుతుంది. ధ్రువపత్రం మీద ఉన్న తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

6. నంబర్‌ని ఎలా చదవాలి

ఇక్కడే ఎక్కువ మంది తప్పుచేస్తారు.

మొదటి మూడు అక్షరాలు దేశం కోడ్. జర్మనీకి డీఈయూ, ఫ్రాన్స్‌కి ఎఫ్ఆర్ఏ, ఇటలీకి ఐటీఏ. తర్వాత 12 అక్షరాలు, అంకెలు కలిసి. ఆ తర్వాత తనిఖీ కోసం ఒక అక్షరమో అంకెయో. మొత్తం 16. ఇదే మీ బహిరంగ నంబర్.

దాని పక్కన చిన్న గీత, ఆ తర్వాత మరో మూడు. ఈ చివరి మూడూ రహస్యం. మీ నంబర్‌ని వేరేవాళ్లు తమ డ్రోన్‌లో వేసుకోకుండా కాపాడేది అవే. ఏటీఎం పిన్ లాగా దాచుకోండి.

- లేబుల్ మీద: 16 మాత్రమే.
- డ్రోన్ యాప్‌లో: గీత, చివరి మూడు కలిపి మొత్తం 20.
- ఇన్‌స్టాగ్రామ్ ఫొటోల్లో, వాట్సాప్ గ్రూపుల్లో: 20 ఎప్పుడూ కనపడకూడదు.

పొరపాటున 20 అక్షరాలూ లేబుల్‌కి ఎక్కి ఉంటే దాన్ని పీకేసి కొత్తది అంటించండి. పెన్నుతో కొట్టేస్తే వెలుతురులో చదవొచ్చు.

7. లేబుల్ తయారీ, అంటించడం

రూల్ సూటిగా ఉంటుంది. డ్రోన్ నేల మీద ఉన్నప్పుడు, కళ్లద్దాలు తప్ప మరే సాధనమూ లేకుండా చదవగలగాలి. క్యూఆర్ కోడ్ కూడా ఒప్పుకుంటారు. అయినా అక్షరాలు కూడా ఉండాలనే నేనంటాను. బీచ్‌లో వచ్చిన పోలీసు ఫోన్ తీసి స్కాన్ చేస్తాడని ఎదురుచూడటం ఎందుకు?

ఏం రాయాలి: పోర్టల్ ఇచ్చిన రోమన్ అక్షరాల్లో, ఉన్నది ఉన్నట్టు. చిన్న అక్షరాలను పెద్దవిగా మార్చొద్దు. చేత్తో టైప్ చేయకుండా పీడీఎఫ్ నుంచి కాపీ చేయండి. సున్నాకీ 'ఓ'కీ, ఒకటికీ చిన్న 'ఎల్'కీ తేడా తెలిసే ఫాంట్ వాడండి. కన్సోలాస్ బాగుంటుంది.

ఎంత సైజు: అక్షరం ఎత్తు 3 మిల్లీమీటర్లకు మించి పెట్టండి. ఇది బ్రిటన్‌లో ఉన్న కొలత. కానీ యూరప్‌లోనూ అదే పాటిస్తే చదవలేదని ఎవరూ అనరు. 16 అక్షరాలు ఒక వరసలో పట్టకపోతే రెండు వరసలు చేయండి.

దేనితో: లేబుల్ ప్రింటర్ టేపు అన్నిటికంటే మన్నుతుంది. అది లేకపోతే జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయించి పైన పారదర్శక టేపు వేయండి. ఇంక్‌జెట్ ప్రింట్ తడికి అలుక్కుపోతుంది. స్కెచ్ పెన్నుతో రాసింది రెండు రోజుల్లో చెరిగిపోతుంది. ముదురు బూడిద రంగు డ్రోన్ మీద తెల్ల టేపు, నల్ల అక్షరాలు.

ఎక్కడ అంటించాలి: డ్రోన్ ప్రధాన శరీరం మీద, పక్కనో అడుగునో చదునైన చోట. బ్యాటరీ మీద వద్దు. బ్యాటరీ మారిస్తే నంబరూ పోతుంది. ఇవి మూసుకుపోకుండా చూడండి:

- గాలి వచ్చిపోయే రంధ్రాలు
- అడుగున, ముందు ఉండే సెన్సర్లు
- చేతులు మడిచే కీలు
- తయారీదారు వేసిన సీ గుర్తు, సీరియల్ నంబర్

శరీరం మీద చోటు లేనంత చిన్న డ్రోన్ అయితే బ్యాటరీ అరలోపల అంటించవచ్చు. ఆ అర తేలిగ్గా తెరుచుకోవాలి.

అంటించే ముందు స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి ఆరనివ్వండి. లేబుల్ మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే అంచులు లేవవు. ప్రయాణానికి ఒకరోజు ముందే అంటించి, తర్వాత డ్రోన్‌ని మళ్లీ కాటా మీద పెట్టండి. 249 గ్రాముల దగ్గర ఉన్నవాళ్లకు టేపు బరువు కూడా లెక్కే.

స్నేహితుడి డ్రోన్ అడిగి తీసుకెళ్తుంటే? ఎగరేసే బాధ్యత మీదైతే అతని లేబుల్ మీద మీ నంబర్ లేబుల్ వేయండి. తిరిగి ఇచ్చేటప్పుడు తీసేయండి. రెండు నంబర్లు ఒకేసారి కనపడకూడదు.

8. యాప్‌లో నంబర్ ఎక్కించడం

సీ1, సీ2 లాంటి తరగతి గుర్తున్న డ్రోన్లకు 2024 జనవరి 1 నుంచి రిమోట్ ఐడీ తప్పనిసరి. ఎగిరేటప్పుడు డ్రోన్ మీ ఆపరేటర్ నంబర్‌ని, తన సీరియల్ నంబర్‌ని, తాను ఉన్న చోటుని, మీరున్న చోటుని చుట్టుపక్కలకు ప్రసారం చేస్తుంది. సీ0కి ఈ నిబంధన లేదు. లేబుల్ మాత్రం దానికీ ఉండాలి.

డీజేఐ ఫ్లై యాప్‌లో సేఫ్టీ సెట్టింగుల్లో రిమోట్ ఐడీ దగ్గర 20 అక్షరాలూ వేయాలి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే చేయండి.

నంబర్ తీసుకోకపోతే ఈ వరసలో చూడండి: చివర ఖాళీ పడిందా? గీత ఉందా? ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతట అదే పెద్దది చేసిందా? రహస్యమైన మూడు వదిలేశారా? ఎక్కువసార్లు తప్పు ఈ నాలుగింట్లోనే దొరుకుతుంది.

9. ఎగరేసే చోటు

నంబర్, లేబుల్ ఉన్నాయంటే ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. ప్రతి దేశానికీ తన మ్యాప్ ఉంది: జర్మనీకి డిపుల్, ఫ్రాన్స్‌కి జియోపోర్టై, స్పెయిన్‌కి ఎనైరే డ్రోన్స్, ఇటలీకి డీ-ఫ్లయిట్. పారిస్ నగరం మీద హాబీ డ్రోన్ నిషేధం, ఈఫిల్ టవర్ ఫొటో ఆశ వదులుకోండి. డ్రోన్ యాప్ హెచ్చరించలేదంటే అనుమతి ఉన్నట్టు కాదు.

ఎత్తు 120 మీటర్లు, అదీ కింద ఉన్న నేల నుంచి. డ్రోన్ ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి.

10. లండన్ కూడా వెళ్తుంటే

బ్రిటన్‌లో ఈ నంబర్ చెల్లదు. అక్కడి విమానయాన సంస్థ సీఏఏ దగ్గర ఎగరేసేవాళ్లకు ఫ్లయర్ ఐడీ, డ్రోన్‌కి బాధ్యులకు ఆపరేటర్ ఐడీ అని రెండుంటాయి. 2026 జనవరి 1 నుంచి 100 గ్రాములు, అంతకు మించిన డ్రోన్ ఎగరేయాలంటే ఫ్లయర్ ఐడీ కావాలి. కెమెరా ఉంటే 100 గ్రాముల నుంచే ఆపరేటర్ ఐడీ కూడా. లేబుల్ మీద ఉండాల్సింది ఆపరేటర్ ఐడీ. ఫ్లయర్ ఐడీ అంటించి వెళ్లేవాళ్లు ఎక్కువ.

రెండు చోట్లకీ వెళ్లేవాళ్లు రెండు లేబుళ్లూ చేయించుకుని, దేశం మారినప్పుడు మార్చుకోండి.

11. ఎయిర్‌పోర్టులో, తిరిగి వచ్చేటప్పుడు

విడి బ్యాటరీలు చేతి సామానులోనే, ఒక్కోటి వేరే సంచిలో, కాంటాక్టులకు టేపు వేసి. 100 వాట్ అవర్ల లోపు వాటితో ఇబ్బంది ఉండదు. మినీ 4 ప్రో మామూలు బ్యాటరీ 19 వాట్ అవర్ల లోపే. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి.

అసలు టెన్షన్ తిరుగు ప్రయాణంలో ఉంటుంది. 2022 ఫిబ్రవరి 9 నుంచి ఇండియాలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. కాబట్టి ఇండియా నుంచి తీసుకెళ్లే డ్రోన్‌కి శంషాబాద్‌లో బయల్దేరేటప్పుడే కస్టమ్స్ కౌంటర్‌లో సీరియల్ నంబర్ చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. కొన్న బిల్లు కూడా వెంట ఉంచుకోండి. అది మీరు తీసుకెళ్లిందేనని తిరిగొచ్చినప్పుడు చూపించడానికి ఇవే ఆధారం. చెక్-ఇన్‌కి ముందే, డ్రోన్ చేతిలో ఉండగా ఈ పని చేయాలి. అందుకు గంట ఎక్కువ పెట్టుకోండి.

యూరప్‌లో కొని తమ్ముడికి కానుకగా తేవడం కుదరదు. జర్మనీలో ఉంటూ సంక్రాంతికి ఊరి ముగ్గులు పైనుంచి తీద్దామని తెచ్చినా ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. రాగానే డిక్లరేషన్‌లో డ్రోన్ ఉందని రాయాలి. రాయకుండా దొరికితే స్వాధీనంతోపాటు జరిమానా కూడా. దాన్ని మ్యూనిక్ ఇంట్లోనే వదిలి రండి.

ఒకవేళ అక్కడే డ్రోన్ అమ్మేసి వస్తే, ఇచ్చే ముందు లేబుల్ పీకేసి, యాప్‌లో మీ నంబర్ తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వండి. లేకపోతే కొన్నవాడు చేసిన తప్పుకి మెయిల్ మీకు వస్తుంది.